మూడువందల గజాల పడమర ఇంటికి ఏ చెట్లు? ముందు ఎండ దిక్కు, ఆ తర్వాత ఆకు రాలే నెల చూడండి

నమస్కారం. మీరు రాసినదాని సారాంశం ఇది. హనుమకొండ శివారులో మూడువందల గజాల స్థలం, పడమటి ముఖం, రోడ్డు వైపు నలభై ఐదు అడుగులు, లోతు అరవై అడుగులు. ఇంటికి ముందు పన్నెండు అడుగులు, వెనుక తూర్పున ఎనిమిది అడుగులు, ఉత్తర దక్షిణాల అయిదేసి అడుగుల ఖాళీ ఉంది. పైన ఎర్రమట్టి, కింద మొరం. కరెంటు తీగలు రోడ్డు అవతలి వైపు ఉన్నాయి. నర్సరీ వారు ప్రహరీ పొడవునా కోనోకార్పస్, గేటుకు చెరో పక్క రాయల్ పామ్ పెట్టమన్నారు. మీకు రేల చెట్టు ఇష్టం, మీ మామగారు పొగడ కావాలంటున్నారు. దేశవాళీ చెట్లే వేయాలా అన్నది మీ మరో సందేహం. ఈశాన్య మూలలో ప్రహరీ బయట ఉన్న పాత వేప ఎండిపోయిందని, దాన్ని కొట్టించేద్దామని మేస్త్రి అంటున్నాడని కూడా రాశారు.

చెట్టు పేరు గురించి ఆలోచించే ముందు ఎండ మీ ఇంటిని ఏ వైపు నుంచి కొడుతుందో చూడాలి. మన వాళ్లలో చాలామంది వేసవి ఎండ దక్షిణం నుంచి వస్తుందనుకొని ఆ గోడ పక్కన చెట్లు పెడతారు. నిజానికి మీ ఊరు పద్దెనిమిది డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పటి నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు మీకు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. మే నెలలో సూర్యాస్తమయం సరిగ్గా పడమర దిక్కున జరగదు, దాదాపు ఇరవై డిగ్రీలు ఉత్తరానికి జరిగి వాయవ్యం వైపుగా అవుతుంది. అంటే వేసవిలో మీ ఇంటిని కాల్చేది పడమటి గోడ, వాయవ్య మూల. దక్షిణపు గోడ మీద ఎండ పడేది చలికాలంలో, అప్పుడు ఆ ఎండ మనకు కావాలి కూడా. కాబట్టి దక్షిణాన ఉన్న అయిదడుగుల సందులో చెట్టు పెట్టే ఆలోచన మానుకోండి. అక్కడ మల్లె పొదలు, కలబంద, తులసి వంటివి చాలు.

ఎంత ఎత్తు చెట్టు కావాలన్నది రెండో లెక్క. మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు నేలకు సుమారు ముప్పై అయిదు డిగ్రీల ఎత్తులో ఉంటాడు. గోడకు ఆరడుగుల దూరంలో పదిహేను అడుగుల చెట్టు ఉంటే దాని నీడ ఆ సమయానికి గోడ మీద దాదాపు పదకొండు అడుగుల ఎత్తు వరకు పడుతుంది. మూడు గంటలకు ఎండ ఇంకా నిటారుగా ఉంటుంది కాబట్టి అదే చెట్టు ఎనిమిది అడుగుల వరకు కప్పుతుంది, ఆ పైభాగాన్ని కిటికీల మీది సజ్జ చూసుకుంటుంది. అంటే కింది అంతస్తు చల్లగా ఉండడానికి పదిహేను, పద్దెనిమిది అడుగుల చెట్టు సరిపోతుంది. రేపు పైన ఇంకో అంతస్తు వేసుకుంటే ఇరవై అయిదు అడుగుల చెట్టు కావాలి. అంతకు మించి పెరిగే చెట్టు ఈ స్థలంలో అవసరం లేదు, దాన్ని భరించే చోటు కూడా లేదు.

ఇక అసలు విషయం. ఇంటికి చెట్టు ఎంచుకునేటప్పుడు అందరూ పూత చూస్తారు. నేను మొదట అడిగేది ఆ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుంది, మళ్లీ ఏ నెలలో వేస్తుంది అని. మన ప్రాంతపు అందమైన పూల చెట్లు చాలావరకు ఆకురాల్చేవే. మోదుగ మాఘ ఫాల్గుణాల్లో ఒక్క ఆకు లేకుండా నిప్పులా పూస్తుంది. కొండగోగు కూడా అంతే, మోడు కొమ్మ మీద పసుపు పూలు. రేల మార్చి నాటికి దాదాపు బోసిపోయి ఏప్రిల్, మే నెలల్లో పూలతో పాటు లేత ఆకు వేస్తుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి, అంటే గుల్‌మొహర్, సరిగ్గా ఎండలు ముదిరే సమయానికి కాయలు మాత్రమే వేలాడదీసుకొని నిలబడుతుంది. ఇవన్నీ చూడముచ్చటైన చెట్లే అయినా పడమటి గోడకు కాపలా పెడితే, పని ఉన్న రోజుల్లోనే సెలవు పెట్టే కాపలాదారులవుతాయి. వేప, కానుగ ఇందుకు భిన్నం. వేప శిశిరంలో ఆకు రాల్చినా ఉగాది నాటికి కొత్త చిగురు, పూత వేసుకుంటుంది. కానుగ కొద్ది రోజులే బోసిగా ఉండి, ఎండలు ముదరకముందే నూనె రాసినట్టు మెరిసే లేత ఆకుతో నిండిపోతుంది. పాతకాలంలో రోడ్ల పక్కన, బావుల దగ్గర, బడుల్లో కానుగలు పెట్టినవారు ఈ సంగతి తెలిసే పెట్టారు. ఏడాది పొడవునా ఆకు నిలుపుకొనేవి ఇంకా మంచివి, పొగడ వాటిలో ముందు వరుసలో ఉంటుంది.

అందువల్ల మీ మామగారి మాటే నెగ్గాలని నా అభిప్రాయం. పొగడ మన తూర్పు కనుమల్లోనూ, పశ్చిమ కనుమల్లోనూ సహజంగా పెరిగే చెట్టు. ఆకు దళసరిగా, అంచు కాస్త అల తిరిగినట్టుగా, ముదురు పచ్చగా ఉంటుంది, దుమ్ము పట్టినా ఒక్క వానకు కడుక్కుంటుంది. తల సహజంగానే గుండ్రంగా, దట్టంగా వస్తుంది. కొమ్మ గట్టిది, గాలికి సులభంగా విరగదు. వేసవిలో పూసే పూలు చిన్నవి, మీగడ రంగు నక్షత్రాల్లా ఉంటాయి, తెల్లవారుజామున చెట్టు కింద రాలి పరుచుకుంటాయి. పువ్వు నడుమ సన్నని రంధ్రం ఉండడం వల్ల సూది లేకుండానే దారానికి ఎక్కుతాయి, ఎండిన తరువాత కూడా చాలాకాలం వాసన పోదు. పండ్లు నారింజ రంగులో రేగుపండు కంటే చిన్నగా ఉంటాయి, కోకిలలు, పిగిలిపిట్టలు వాటి కోసం వస్తాయి. వేళ్లు గోడలను పెకలించేంత దూకుడుగా పోవు.

దీనికి ఉన్న ఒకే ఒక్క లోపం నిదానం. మొదటి రెండేళ్లలో మొక్క ఎదుగుతున్నదా లేదా అన్న అనుమానం వస్తుంది. మూడో ఏడు దాటి వేరు మొరంలోకి దిగాక ఊపందుకుంటుంది, అయినా కానుగతో పోటీ పడదు. ఆ నిదానమే పన్నెండు అడుగుల ఖాళీలో మీకు మేలు చేస్తుంది, ఎందుకంటే ఏటా ఒకసారి కత్తెర పడితే చాలు, చెట్టు మీరు గీసిన గీతలో ఉంటుంది. ఇంటి గోడకు ఆరడుగులు, ప్రహరీకి ఆరడుగులు వదిలి ముందు ఖాళీకి నడుమ వరుసలో, వాయవ్య మూలకు దగ్గరగా పెట్టండి. ఆకు మీద రంగు మచ్చలున్న రకం కూడా నర్సరీల్లో అమ్ముతారు, అది ఇంకా నెమ్మది, మామూలు పచ్చ ఆకు రకమే తీసుకోండి.

పొగడకు దక్షిణంగా పద్దెనిమిది అడుగుల దూరంలో రెండో చెట్టుగా సపోటా పెట్టమంటే మీరు ఆశ్చర్యపోవచ్చు. అది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతపు చెట్టు, కానీ పొగడ కుటుంబానికే చెందినది. ఎప్పుడూ పచ్చగా, గుబురుగా, నేల నుంచి గుమ్మటంలా పెరుగుతుంది, నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, గాలికి నిలబడుతుంది, అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాపుకొస్తుంది. మన దగ్గర సపోటాను అంటుకట్టేది మన అడవుల్లో పెరిగే పాల చెట్టు వేరుమూలం మీదే. అందువల్ల పైన విదేశీ అయినా వేరు మాత్రం ఈ నేలదే, ఎర్రమట్టికి బాగా అలవాటు పడుతుంది. కొనేటప్పుడు అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తులో స్పష్టంగా కనిపించాలి, నాటాక దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను గిల్లేయాలి, లేకపోతే పాల చెట్టే పెరిగి సపోటా వెనకబడుతుంది. పండ్ల కాలంలో రాత్రిపూట గబ్బిలాలు వచ్చి గోడ మీద మరకలు చేస్తాయి. తెల్ల సున్నం వేసిన గోడ అయితే చికాకు పడతారు కనుక ముందే చెబుతున్నాను. అది సరిపడకపోతే అక్కడ కూడా మరో పొగడ పెట్టుకోండి.

మీకు ఇష్టమైన రేలను వదులుకోనక్కరలేదు, దాని చోటు మాత్రం మార్చాలి. ప్రహరీ బయట రోడ్డు అంచున, గేటుకు దక్షిణంగా నాలుగు అడుగుల మట్టి ఉంటే, మున్సిపాలిటీ వారికి అభ్యంతరం లేకపోతే, అక్కడ పెట్టండి. వేసవి సాయంత్రపు ఎండ నైరుతి నుంచి రాదు కాబట్టి ఆ మూలలో చెట్టు బోసిగా ఉన్నా ఇంటికి నష్టం లేదు, మే నెలలో పసుపు గుత్తులు వేలాడుతుంటే గేటు దగ్గర నిలబడి చూసుకోవచ్చు. చలికాలానికి మూరెడు పొడవున నల్లని కాయలు వేలాడతాయి, రాలినవి ఊడ్చుకోవలసిన పని ఒకటి ఉంటుంది. వానాకాలంలో రేల ఆకులను పచ్చని గొంగళి పురుగులు కొరికేస్తాయి. అవి నిమ్మపండు రంగు రెక్కలుండే సీతాకోకచిలుకల పిల్లలు. రెండు మూడు వారాల్లో వాటి పని అయిపోతుంది, చెట్టు కొత్త ఆకు వేస్తుంది, మందు కొట్టవద్దు.

రేల వద్దనుకుంటే నాకు ఇష్టమైన చిన్న చెట్టు ఒకటి చెబుతాను, అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ కర్రతోనే. ఇరవై అడుగులు దాటడం అరుదు, ఏప్రిల్, మే నెలల్లో చెట్టంతా మల్లెల్లాంటి తెల్లని పూలు పూస్తుంది, జంట కాయలు కొసల దగ్గర అతుక్కొని వేలాడడం చూడడానికి చాలా బాగుంటుంది. రాళ్ల గుట్టల మీద బతికే చెట్టు కనుక మీ మొరం దానికి ఇబ్బంది కాదు. ఇది అలంకరణ మొక్కల నర్సరీల్లో దొరకడం కష్టం, అటవీ శాఖ నర్సరీలో అడిగి చూడండి.

వెనుక తూర్పు ఖాళీ ఎనిమిది అడుగులే కనుక అక్కడ చెట్టు కంటే పెద్ద పొద లాంటిదే సరిపోతుంది. పారిజాతం అందుకు తగినది. పది, పన్నెండు అడుగుల దగ్గర ఆపవచ్చు, ఎంత కొట్టినా చిగురిస్తుంది, శ్రావణం నుంచి కార్తికం దాకా పూస్తుంది. పూలు రాత్రి విచ్చుకొని తెల్లవారేసరికి రాలతాయి కాబట్టి చెట్టు కింద గచ్చు కాకుండా మట్టి అలికి ఉంచుకుంటే పూజకు ఏరుకోవడానికి బాగుంటుంది. సీతాశోకం పెట్టాలని కొందరు ఉబలాటపడతారు. అది నీడ, తేమ కోరుకునే చెట్టు, పడమటి ఎండలో పెడితే ఆకుల అంచులు మాడిపోతాయి. మీ ఇంటి నీడ పడే తూర్పున అయితే, నీరు పోయగలిగితే, పారిజాతానికి బదులు పెట్టవచ్చు. ప్రహరీల వెంట స్తంభాల్లా పెరిగేదాన్ని అందరూ అశోక అంటారు గానీ అది నరమామిడి, వేరే చెట్టు. కరివేపాకు వంటింటి కిటికీ వైపు పెట్టుకోండి, వేళ్ల నుంచి పిలకలు వస్తూనే ఉంటాయి, తీసేస్తూ ఉండాలి. మునగను మాత్రం పడకగది కిటికీకి దూరంగా ఉంచండి. దాని కాండం మీద గుంపులుగా చేరే గొంగళి పురుగులు ఒంటికి తగిలితే దద్దుర్లు తప్పవు.

కోనోకార్పస్ గురించి మీకు రకరకాల మాటలు వినబడి ఉంటాయి. అది ప్రాణవాయువు పీల్చేసుకుంటుందన్నది అర్థం లేని మాట. అయినా మీ ప్రహరీకి వద్దనే చెబుతాను, కారణాలు వేరు. సోమాలియా తీరం వైపు ఎడారి వాగుల్లో పెరిగే చెట్టు అది, నీరు ఎక్కడుంటే అక్కడికి వేరు పోయే స్వభావం దానిది. పగిలిన పైపు, బీటవారిన సంపు దొరికితే లోపలికి చొరబడుతుంది. కంచెలా ఉంచాలంటే నెలా రెండు నెలలకోసారి కత్తిరించాలి, కొన్నేళ్లు వదిలేస్తే పెద్ద చెట్టవుతుంది. మన పిట్టలకు, తేనెటీగలకు దాని వల్ల ప్రయోజనం చాలా తక్కువ. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. కంచె కావాలంటే గోరింట, నూరువరహాలు, అడ్డసరం ఉన్నాయి. రాయల్ పామ్ విషయం ఒక్క మాటలో చెప్పవచ్చు. యాభై అడుగులు పెరిగి నీడ ఇవ్వదు, పైనుంచి రాలే మట్ట కారు అద్దం పగలగొట్టగలదు. ఫంక్షన్ హాలుకు అందం, ఇంటికి అనవసరం.

దేశవాళీ చెట్లే వేయాలా అన్న ప్రశ్నకు నా సమాధానం, వీలైనంతవరకు అవును, కానీ దేశవాళీ అయినంత మాత్రాన ఇంటికి తగినదని కాదు. రావి, మర్రి, జువ్వి, బూరుగ మన చెట్లే, మూడువందల గజాల్లో వాటిలో ఏది పెట్టినా పదిహేనేళ్లకు ఇల్లో చెట్టో తేల్చుకోవలసి వస్తుంది. ఏడాకుల పాల కూడా మన చెట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో చెట్లను నేలమట్టం చేసిన తరువాత, త్వరగా పెరుగుతుందని దాన్ని రోడ్ల వెంట విరివిగా నాటారు. ఇప్పుడు అక్టోబరు, నవంబరు నెలల్లో రాత్రిళ్లు దాని పూల ఘాటుకు తలనొప్పి, ఊపిరాడని ఇబ్బంది వస్తున్నాయని నగరవాసుల నుంచి ఫిర్యాదులున్నాయి. తోటలో ఒక చెట్టు ఉంటే ఆ వాసన భరించవచ్చు, వీధి వీధంతా ఉంటే కష్టమే. మరోవైపు, శివాలయాల్లో తరతరాలుగా ఉన్నట్టు కనిపించే నాగలింగ చెట్టు దక్షిణ అమెరికాది, దేవగన్నేరు మధ్య అమెరికాది. నాగలింగం కాయ బండరాయిలా పడుతుంది కనుక ఇంటికి పనికిరాదు. దేవగన్నేరు మాత్రం చిన్న ఆవరణలో ఎవరికీ ఇబ్బంది కలిగించని మంచి చెట్టు, కొమ్మ తుంచి వారం రోజులు నీడలో ఆరబెట్టి గుచ్చితే బతుకుతుంది.

ఇది చదివే కోస్తా వారికి ఒక మాట. మీ దగ్గర ఆకు కంటే గాలే ముఖ్యం. తురాయి, పచ్చ తురాయి, ఆకాశమల్లి, ఆఫ్రికన్ ట్యులిప్ వంటి పెళుసు కొమ్మల చెట్లు ఇంటి పైకప్పుకు దగ్గరగా ఉండకూడదు. ఆకాశమల్లి పూల వాసనకు ముగ్ధులై చాలామంది పెడతారు, ముప్పై అడుగులు దాటగానే మొదటి పెద్ద గాలికే విరుగుతుంది, పైగా వేళ్ల నుంచి పిలకలు. తీరంలో ఉప్పుగాలిని తట్టుకొని ఏడాదంతా పచ్చగా ఉండేది పొన్న. స్థలం ఉంటే దానికి మించినది లేదు.

దూరాల విషయానికొస్తే, మీది ఎర్రమట్టి, మొరం కనుక పునాదికి భయం తక్కువ. ఇరవై అడుగుల లోపు చెట్టుకు గోడ నుంచి ఆరడుగులు, ముప్పై అడుగుల చెట్టుకు పన్నెండు, అంతకంటే పెద్దదానికి కనీసం పాతిక అడుగులు ఉండాలని నా లెక్క. గట్టి కాంక్రీటును వేరు పగలగొట్టదు, అప్పటికే ఉన్న బీటను పెద్దది చేస్తుంది. కాబట్టి సెప్టిక్ ట్యాంకుకు, సంపుకు పదిహేను అడుగుల లోపు పారిజాతం కంటే పెద్దది పెట్టవద్దు. నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకున్నవారు ఈ దూరాలను సగం మేర పెంచుకోవాలి. అక్కడ ప్రమాదం వేరు తోసుకురావడం వల్ల కాదు. వేసవిలో చెట్టు నేలలోని తేమను లాగేస్తే ఆ మట్టి కుంచించుకుపోతుంది, దాంతో పునాది ఒక పక్క కుంగి గోడకు ఏటవాలు బీటలు వస్తాయి.

మొక్క ఎంపికలో జరిగే పొరపాటు పెద్ద మొక్క మీద మోజు. పన్నెండు అడుగుల మొక్కను అయిదు వేలు పోసి తెచ్చినా, మూడు నాలుగు అడుగుల మొక్క నాలుగేళ్లలో దాన్ని దాటిపోవడం మామూలే. చిన్న సంచిలో ఏళ్ల తరబడి ఉన్న మొక్క వేళ్లు చుట్ట చుట్టుకుపోతాయి, నాటిన తరువాత కూడా అలాగే చుట్టుకుంటూ లావెక్కి కాండాన్నే నులిమేస్తాయి. సంచి అడుగు చింపి చూపించమనండి. సన్నని తెల్ల వేళ్లు కనిపిస్తే తీసుకోండి, చాపలా అల్లుకున్న గోధుమరంగు వేళ్లు కనిపిస్తే వదిలేయండి.

హైదరాబాదు, వరంగల్ వైపు అమ్మే మొక్కలు చాలావరకు రాజమహేంద్రవరం దగ్గరి కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. వాటి వేరు చుట్టూ ఉండేది గోదావరి ఒండ్రుమట్టి, జిగురుగా ఉంటుంది. ఆ ముద్దను అలాగే తీసుకెళ్లి మీ ఎర్రమట్టి గుంతలో పెడితే, పోసిన నీరు చుట్టూ ఉన్న గరుకు మట్టిలోకి జారిపోతుంది, ముద్ద నడుమ మాత్రం పొడిగా ఇటుకలా గట్టిపడుతుంది. పాదు తడిగా కనిపిస్తూనే మొక్క వాడిపోతుంది, మనం ఇంకా నీరు పోస్తాం. ఇలా చనిపోయిన మొక్కను పీకి చూస్తే వేరు ముద్ద సంచిలో ఉన్న ఆకారంలోనే బయటికి వస్తుంది, ఒక్క వేరు కూడా బయటి మట్టిలోకి పోయి ఉండదు. దీనికి విరుగుడు సులభం. నాటే ముందు సంచితో సహా బకెట్టు నీటిలో బుడగలు ఆగేదాకా ముంచండి. సంచి తీశాక ముద్ద అంచు మట్టిని వేళ్లతో అంగుళం మందాన నెమ్మదిగా రాల్చి, వేళ్ల కొసలు బయటికి తీసి, చుట్టుకున్నవాటిని కత్తిరించండి. మొదటి రెండు నెలలు నీరు పోసిన అరగంట తరువాత సన్నని పుల్ల ముద్ద నడుమకు గుచ్చి చూడండి, తడి అంటుకొని రావాలి.

గుంత మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి. లోతు రెండున్నర అడుగులు చాలు, కానీ అడుగున మొరాన్ని పలుగుతో గుల్ల చేయాలి, లేకపోతే వానాకాలంలో గుంత తొట్టిలా నీరు నిలుపుకొని వేరు కుళ్లుతుంది. తవ్వినప్పుడు పై అడుగు మట్టిని ఒక పక్క, మొరాన్ని ఇంకో పక్క పోయించండి. పైమట్టిలో నాలుగో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే ఎర్రనేలలో చెదలను పిలిచినట్టే. వారం ముందే గుంత నింపి నీరు పోసి కుంగనివ్వాలి. కాండం, వేరు కలిసే చోటు నేల మట్టానికి ఉండాలి, ఒక అంగుళం పైనున్నా పరవాలేదు, కింద ఉండకూడదు.

మీకు నాటే సమయం మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక, నేల జానెడు లోతు తడిసినప్పుడు. ఆరుద్ర దాటకుండా నాటుకుంటే మొక్కకు నాలుగు నెలల తేమ దొరుకుతుంది. నెల్లూరు వైపు వానలు అక్టోబరు, నవంబరుల్లో కనుక వారు అప్పుడు నాటుకోవాలి.

మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు ఒక్కో మొక్కకు ఇరవై లీటర్లు, రెండో వేసవిలో వారానికోసారి నలభై లీటర్లు చాలు. రోజూ చెంబెడు నీరు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది, మూడో ఏట నీరు ఆపగానే మొక్క తేలిపోతుంది. పాదును కాండం చుట్టూ కాకుండా కొమ్మల అంచు కిందకు ఏటా జరుపుతూ పోవాలి. రాలిన ఆకులను ఊడ్చి కాల్చకుండా మూడంగుళాల మందాన పాదులో పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. ముందు ఖాళీ అంతా పార్కింగ్ టైల్స్ వేయించే ఆలోచన ఉంటే ఒక్కో చెట్టు చుట్టూ కనీసం మీటరు మేర మట్టి వదలండి. ఢిల్లీలో రోడ్ల పక్కన చెట్ల మొదళ్లకు కాంక్రీటు పోస్తుంటే, మీటరు వ్యాసార్ధం వరకు దాన్ని తొలగించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించవలసి వచ్చింది.

కత్తిరింపు మొదటి అయిదేళ్లలోనే చెట్టు రూపాన్ని నిర్ణయిస్తుంది. ఒకే ప్రధాన కాండం ఉండేలా చూడండి. రెండు సమానమైన కాండాలు ఇరుకైన కోణంలో చీలితే ఒకదాన్ని చిన్నప్పుడే తీసేయండి, పెద్దయ్యాక గాలికి చీలేది అక్కడే. పొగడ కింది కొమ్మలను ఒక్కసారిగా కాకుండా ఏటా రెండేసి చొప్పున తీస్తూ ఏడడుగుల కాండం తేలనివ్వండి. చెట్టు ఎత్తు తగ్గించాలని తల నరికేయడం అన్నిటికంటే చెడ్డ పని. నరికిన చోట గుత్తుగా వచ్చే కొమ్మలు కాండానికి సరిగా అతుక్కోవు, అవే తరువాత విరిగిపడతాయి. గోదావరి జిల్లాల నుంచి ఆదిలాబాదు దాకా కానుగ పెట్టుకున్నవారు ఆకుల మీద మొటిమల్లాంటి బుడిపెలు చూసి కంగారుపడి అడుగుతుంటారు. అవి కంటికి కనిపించని నల్లి పురుగులు చేసేవి, చెట్టుకు ప్రమాదం లేదు, ఏ మందూ అక్కరలేదు.

చివరగా మీ వేప. దాన్ని కొట్టించవద్దు, కనీసం వచ్చే ఉగాది దాకా ఆగండి. 2021 వానాకాలం నుంచి తెలంగాణ అంతటా వేప చెట్లు కొమ్మల చివరల నుంచి ఎండుతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే టీ దోమ అనే పురుగు దీనికి కారణం. వానల్లో మొదలై చలికాలానికి చెట్టంతా మాడినట్టు కనిపిస్తుంది, కానీ చాలా చెట్లు వేసవిలో మళ్లీ చిగురిస్తాయి. గోటితో సన్న కొమ్మ బెరడు గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. ఎండినట్టు కనిపిస్తే వేలు మందం కొమ్మ, తరువాత చేయి మందం కొమ్మ గీరుతూ కాండం దాకా రండి. పచ్చదనం ఎక్కడ కనిపిస్తే దానికి జానెడు కింద, పొడి వాతావరణంలో ఎండు కొమ్మను కోయించి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయించండి, ఎండు కొమ్మలను అక్కడే వదలకుండా తీసేయించండి. కాండం మొదలు దాకా బెరడు గోధుమరంగుగా, పొడిగా ఉంటేనే చెట్టు పోయినట్టు. అప్పుడు కూడా మేస్త్రి చేత కొట్టించకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి, పైగా ఆ చెట్టు ప్రహరీ బయట ఉంది కనుక అది మీది కూడా కాదు. దరఖాస్తుతో పాటు చెట్టు ఫోటోలు పెట్టండి.